పంచాయతీ ఏడాది పనితీరును ఊరికి చెప్పడం ఎలా: సర్పంచులకు, కార్యదర్శులకు, వార్డు సభ్యులకు సమగ్ర మార్గదర్శి

గ్రామ పంచాయతీల నుంచి పైకి వెళ్లే లెక్కలకు కొదవ లేదు. ప్రణాళిక, చెల్లింపులు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కుతాయి. ఆడిట్ వివరాలు ఆడిట్ ఆన్‌లైన్‌లో ఉంటాయి. కుళాయిల సంఖ్య జల్ జీవన్ మిషన్ డ్యాష్‌బోర్డులో కనిపిస్తుంది. కార్యదర్శికి రోజులో చాలా భాగం ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయడంతోనే గడిచిపోతుంది. అదే ఊళ్లో ఇంటి పన్ను కట్టే మనిషిని ఆపి "పోయిన ఏడాది పంచాయతీకి ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది?" అని అడిగితే జవాబు రాదు. ఆయనకు ఆసక్తి లేక కాదు, ఎవరూ చెప్పలేదు. మండలానికి, జిల్లాకు, ఢిల్లీకి వెళ్లే సమాచారంలో పదో వంతు ఊళ్లోకి వచ్చినా పరిస్థితి చాలా మారుతుంది.

ఈ మార్గదర్శి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామ పంచాయతీలను దృష్టిలో పెట్టుకుని రాసింది. నాలుగు పేజీల వార్షిక నివేదిక, ఊళ్లో నాలుగు చోట్ల గోడ రాత, గ్రామసభలో ఒక గంట చర్చ, ఈ మూడూ చేయడం లక్ష్యం. సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు, కన్సల్టెంట్‌ను పెట్టుకోనక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్‌కల్లా పూర్తవుతుంది. సర్పంచ్, కార్యదర్శి కలిసి చేస్తే అన్నిటికంటే మంచిది. వాళ్లు ముందుకు రాకపోతే వార్డు సభ్యులు, మహిళా సంఘాలు, ఊరి యువకులు ఎలా కదిలించవచ్చో చివర్లో చెప్పాను.

మొదటి మెట్టు: ముందు ప్రశ్నలు సేకరించండి

చాలా నివేదికలు మొదటి పేజీలోనే చెడిపోతాయి. పంచాయతీ దగ్గర ఏ అంకెలు ఉన్నాయో అవి రాసుకుంటూ పోవడం వల్ల అలా అవుతుంది. సీసీ రోడ్డు ఎన్ని మీటర్లు, ఎల్‌ఈడీ బల్బులు ఎన్ని, మొక్కలు ఎన్ని నాటారు అనేవి పై అధికారి అడిగే ప్రశ్నలు. ఊళ్లో వాళ్లు అడిగేవి వేరు. మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు ఎందుకు వస్తున్నాయి? కాలువ పూడిక తీసి ఎన్నాళ్లయింది? లైటు పోతే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో వేస్తారు? పన్ను పెంచారు కదా, ఆ డబ్బు ఏమైంది? కుక్కల సంగతి ఏం చేశారు?

ఈ ప్రశ్నల కోసం పెద్ద సర్వే అవసరం లేదు. మహిళా సంఘం నెలవారీ సమావేశంలో అరగంట కూర్చోండి. రేషన్ సరుకులు ఇచ్చే రోజు అక్కడికి వచ్చిన వాళ్లతో మాట్లాడండి. అంగన్‌వాడీ దగ్గర, పాల కేంద్రం దగ్గర, ఎస్సీ కాలనీలో, శివారు తండాలో ఒక్కో సాయంత్రం గడపండి. ఒకే ప్రశ్న వేయండి: "పంచాయతీ గురించి మీకు తెలియాల్సింది, ఇప్పటిదాకా తెలియనిది ఏమిటి?" వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. నాలుగైదు చోట్ల తిరిగేసరికి అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. అందులోంచి పది, పన్నెండు ఏరుకుంటే నివేదికకు శీర్షికలు దొరికినట్టే. "తాగునీటి సరఫరా పురోగతి" అనే శీర్షిక కంటే "నీళ్లు ఎన్ని రోజులకొకసారి వచ్చాయి?" అనే శీర్షికను ఎక్కువ మంది చదువుతారు.

రెండో మెట్టు: చేసిన పనిని, అందిన ఫలితాన్ని విడివిడిగా చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తు పెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. ట్యాంకు కట్టడం పని. వీధి చివరి ఇంటికి రోజూ సరిపడా నీళ్లు రావడం ఫలితం. పంచాయతీలు దాదాపు ఎప్పుడూ మొదటిదే చెబుతాయి, ప్రజలు అనుభవించేది రెండోది. రెండూ పక్కపక్కన రాసినప్పుడే అది పనితీరు నివేదిక అవుతుంది.

తాగునీటినే తీసుకుందాం. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు. దీన్ని కొలవడానికి మీటర్లు లేకపోయినా ఫర్వాలేదు. ప్రతి వీధిలో పైపులైను చివరి ఇల్లు ఎంచుకోండి, ఎందుకంటే మొదటి ఇంటికి ఎలాగూ నీళ్లు వస్తాయి. నీళ్లు వదిలిన సమయంలో 15 లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్లో చూడండి. మూడు నిమిషాలు పడితే నిమిషానికి 5 లీటర్లు. నీళ్లు 40 నిమిషాలు వదిలితే ఆ ఇంటికి 200 లీటర్లు అందుతున్నాయి, అంటే ప్రమాణానికి కొంచెం తక్కువ. నెలకొకసారి వాటర్‌మన్, ఆ వీధి వార్డు సభ్యుడు కలిసి ఈ కొలత తీసి నోట్‌బుక్‌లో రాస్తే ఏడాదికి ప్రతి వీధికీ పన్నెండు అంకెలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎంత పడిపోయిందో దాచకుండా చెప్పవచ్చు.

నీళ్ల నాణ్యత కూడా ఇలాగే. "క్రమం తప్పకుండా క్లోరినేషన్ చేశాం" అనే వాక్యంతో ఏమీ తెలియదు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్క ప్రకారం కుళాయి దగ్గరికి వచ్చేసరికి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష కిట్‌తో చూడటం నిమిషాల్లో పని. ఏడాదిలో ఎన్నిసార్లు పరీక్షించారు, ఎన్నిసార్లు సరిగా ఉంది, ఎన్నిసార్లు లేదు, లేనప్పుడు ఏం చేశారు, ఇంతే రాయండి. ఫ్లోరైడ్ బాధ ఉన్న ప్రాంతమైతే బోరు వారీగా ఆ అంకె కూడా ఇవ్వాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండాలనేది ప్రమాణం, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నల్లగొండ, ప్రకాశం పల్లెల్లో ఈ ఒక్క అంకె కోసం జనం ఎంత ఎదురుచూస్తారో అక్కడ పనిచేసిన వాళ్లకు తెలుసు.

మిగతా పనులకు కొలత ఇంకా సులువు. వీధి లైట్లలో ఎన్ని మార్చారన్నది కాకుండా, ఫిర్యాదు వచ్చాక ఎన్ని రోజుల్లో వెలిగిందో చెప్పండి. ఫిర్యాదుల రిజిస్టర్‌లో తేదీలు ఉంటే చాలు. చెత్తకు సంబంధించి ట్రాక్టర్ లేదా రిక్షా ఎన్ని రోజులు తిరిగింది, వందలో ఎన్ని ఇళ్లు తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తున్నాయి, చెత్త నుంచి ఎరువు చేసే సంపద తయారీ కేంద్రం షెడ్డు నిజంగా నడుస్తోందా లేక తాళం వేసి ఉందా అన్నది రాయండి. కాలువలకు ఏడాదిలో ఎన్నిసార్లు పూడిక తీశారో వీధుల వారీగా చిన్న పట్టిక చాలు.

మూడో మెట్టు: అంకెలు ఎక్కడి నుంచి తేవాలి

కావాల్సిన వాటిలో చాలా భాగం ఆఫీసు బీరువాలోనే ఉంది. ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్, క్యాష్ బుక్, ఎం-బుక్ (చేసిన పనుల కొలతలు రాసే పుస్తకం), తీర్మానాల పుస్తకం, ఫిర్యాదుల రిజిస్టర్, కరెంటు బిల్లులు. వీటిని బల్ల మీద పరిచి ఒక్కో ప్రశ్నకు ఎదురుగా ఏ పుస్తకంలో ఏ పేజీలో జవాబుందో రాసుకోండి. జవాబు దొరకని ప్రశ్నలు రెండు మూడు ఉంటాయి. వాటిని కొట్టేయకండి. "ఈ ఏడాది దీన్ని మేం నమోదు చేయలేదు, వచ్చే ఏడాది నుంచి చేస్తాం" అని నివేదికలో రాయండి.

తర్వాత ఈ-గ్రామస్వరాజ్‌లో మీ పంచాయతీ పేజీ తెరిచి, అక్కడి చెల్లింపులను క్యాష్ బుక్‌తో పోల్చండి. ఈ పోర్టల్ 2020 ఏప్రిల్ 24న మొదలైంది, లాగిన్ లేకుండానే ఎవరైనా చూడవచ్చు. రెండింటి మధ్య తేడా ఉంటే మీరే ముందు పట్టుకుని కారణం రాయాలి. మీ నివేదిక బయటికి వచ్చాక బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న ఊరి కుర్రాడు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడటం ఖాయం.

మరో వనరు పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తొమ్మిది అంశాల మీద 435 సూచికలతో తయారు చేసిన ఈ సూచీ, 2022-23 సంవత్సరపు స్కోర్లతో 2025 ఏప్రిల్‌లో వెలువడింది. రెండు లక్షలకు పైగా పంచాయతీల్లో 699 మాత్రమే రెండో అత్యున్నత శ్రేణి అయిన 'ఫ్రంట్ రన్నర్'కు చేరాయి. అందులో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. అన్నిటికంటే పై శ్రేణికి ఒక్కటీ చేరలేదు. మీ పంచాయతీ స్కోరు చూసి, ఏ అంశంలో తక్కువ వచ్చిందో నివేదికలో ఒక పేరా రాయండి. అయితే స్కోరునే నివేదికగా చూపించకండి. ఆ డేటాలో ఎక్కువ భాగం స్థానిక సిబ్బంది, శాఖలు ఎక్కించిందే, పైగా 62 మార్కులు అంటే వీధి చివర ఇంటామెకు ఏమీ అర్థం కాదు. మార్కుల వెనకున్న విషయం చెప్పండి.

నాలుగో మెట్టు: డబ్బు పేజీ

జనం ముందు తిప్పేది ఈ పేజీనే. అందుకే దీని మీద అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాలి. ఒకే పేజీలో, పది పన్నెండు వరుసల్లో, పదో తరగతి చదివిన వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి. ఖాతా హెడ్ల పేర్లు, కోడ్లు వద్దు.

900 ఇళ్లున్న ఒక పంచాయతీని ఊహించుకుని నమూనా చూపిస్తాను. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు.

ఏప్రిల్ 1న చేతిలో ఉన్నది: 4,10,000
ఇంటి పన్ను వసూలు: 3,60,000 (రావాల్సింది 5,00,000)
నీటి ఛార్జీలు: 90,000
ఆర్థిక సంఘం నిధులు: 11,00,000
ఇతర రాబడి: 1,40,000
మొత్తం: 21,00,000

పారిశుద్ధ్య సిబ్బంది జీతాలు: 5,40,000
తాగునీరు, మోటార్లు, పైపులు, క్లోరిన్: 4,60,000
కాలువలు, రోడ్ల పనులు: 3,80,000
కరెంటు బిల్లులు: 3,00,000
వీధి లైట్లు: 80,000
ఆఫీసు, ఇతర ఖర్చులు: 60,000
మొత్తం ఖర్చు: 18,20,000

మార్చి 31న మిగిలింది: 2,80,000
ఇంకా చెల్లించాల్సిన బిల్లులు: 1,20,000

చివరి వరుసను చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఖాతాలో 2,80,000 ఉందని జనం అనుకుంటారు. నిజానికి చేతిలో మిగిలేది 1,60,000. కరెంటు బకాయిలు పేరుకుపోయిన పంచాయతీలు ఆ పాత బాకీని కూడా ఇక్కడే చూపించాలి. కొత్త సర్పంచ్‌కు ఇది మేలు చేసే పని. పాత బాకీ ఎంత, తన హయాంలో పెరిగిందెంత అన్నది మొదటి ఏడాదే విడగొట్టి చెప్పుకోవచ్చు.

పట్టిక కింద నాలుగు వాక్యాల వివరణ రాయండి. పై ఉదాహరణలో ఇంటికి సగటున సుమారు 2,020 రూపాయలు ఖర్చయింది, ఇంటి పన్నుగా వచ్చింది ఇంటికి 400. ఈ ఒక్క పోలిక చదివితే పన్ను ఎందుకు కట్టాలో జనానికి అర్థమవుతుంది. రావాల్సిన పన్నులో 72 శాతమే వచ్చిందని, మిగిలిన 1,40,000 వస్తే దాంతో ఏం చేయవచ్చో కూడా చెప్పండి. ఎగ్గొట్టిన వాళ్ల పేర్లు గోడెక్కించాలనే ఉత్సాహం కొందరిలో ఉంటుంది. అది చేయకండి. నివేదిక మీద చర్చ ఆగిపోయి ఊళ్లో గొడవ మొదలవుతుంది, పైగా ఆ జాబితాలో నిజంగా కట్టలేని ముసలివాళ్లే ఎక్కువ మంది ఉంటారు.

ఆర్థిక సంఘం నిధుల గురించి ఒక మాట కచ్చితంగా వివరించాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం షరతులతో కూడినవి. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు మాత్రమే. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, అయితే జీతాలకు, ఆఫీసు నిర్వహణకు పనికిరావు. ఇది చెప్పకపోతే "అంత డబ్బుంది కదా, మా గుడి ముందు రోడ్డు ఎందుకు వేయలేదు?" అనే ప్రశ్నకు సర్పంచ్ ఏటా ఇబ్బంది పడాల్సిందే. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, ఆ తర్వాతి నివేదికల్లో అప్పటి షరతులు చూసి రాయండి.

ఐదో మెట్టు: జరగనిది రాయండి

పోయిన ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తీయండి. ఏటా అక్టోబర్ 2 నుంచి జరిగే ప్రజా ప్రణాళిక ప్రచారంలో తయారయ్యేది ఇదే. అందులో ఎన్ని పనులు రాశారు, ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని సగంలో ఉన్నాయి, ఎన్ని మొదలే కాలేదు? ఈ నాలుగు అంకెలు మొదటి పేజీలో పెట్టండి.

మొదలుకాని ప్రతి పనికీ కారణం ఒక్క వాక్యంలో చెప్పాలి. నిధులు రాలేదా, స్థలం తగాదా ఉందా, అంచనా వేసే ఇంజనీర్ దొరకలేదా, కాంట్రాక్టర్ ముందుకు రాలేదా, లేక పంచాయతీయే పట్టించుకోలేదా? చివరిది రాయడం కష్టం. రాసిన చోట మాత్రం మిగతా నివేదిక మొత్తాన్ని జనం నమ్ముతారు. అన్నీ బాగానే చేశామని చెప్పే కాగితాన్ని ఊళ్లో ఎవరూ నమ్మరు, ఎందుకంటే వాళ్లు ఆ ఊళ్లోనే ఉంటున్నారు.

పంచాయతీ చేతిలో లేని విషయాలకు ఒక చిన్న పెట్టె కేటాయించండి. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలున్నా, అన్నీ పంచాయతీలకు నిజంగా బదిలీ కాలేదు. పింఛను మంజూరు, ఆర్ అండ్ బీ రోడ్డు గుంతలు, ట్రాన్స్‌ఫార్మర్, బడిలో టీచర్ల కొరత వంటివి ఎవరి దగ్గర అడగాలో, పంచాయతీ తరఫున ఏ తేదీన ఎవరికి ఉత్తరం రాశారో చెబితే చాలు. మీ పని కానిదాన్ని నెత్తిన వేసుకోవద్దు, అలాగని "మాకు సంబంధం లేదు" అని చేతులు దులుపుకోవద్దు.

ఆరో మెట్టు: సగటు వెనక ఏ వీధి దాగిందో చూడండి

"ఊళ్లో 85 శాతం ఇళ్లకు రోజూ నీళ్లు" అన్నది నిజమే కావచ్చు. ఆ మిగిలిన 15 శాతం ఏ వీధులో చూడండి. చాలా ఊళ్లలో అవి ఎస్సీ కాలనీ, శివారు తండా, కొత్తగా ఇళ్ల స్థలాలిచ్చిన లేఅవుట్ అవుతాయి. నీళ్లు, కాలువలు, లైట్లు, చెత్త, ఈ నాలుగింటికి వార్డుల వారీ పట్టిక తప్పనిసరి. ఏడాదిలో చేసిన పనుల ఖర్చు కూడా వార్డుల వారీగా విడగొట్టండి. ఒకే వార్డుకు మూడేళ్లు వరసగా రోడ్లు వెళితే అది కాగితం మీద కనిపించి తీరాలి. దీనికి కొందరు వార్డు సభ్యులు అభ్యంతరం చెబుతారు. అయినా వదలకండి.

ఏడో మెట్టు: రాసే తీరు

ఆఫీసు తెలుగు అలవాటైన చేతికి ఇది కష్టమైన మెట్టు. ఒక ఉదాహరణ చూడండి.

ఇలా వద్దు: "గ్రామ పంచాయతీ పరిధిలో పారిశుద్ధ్య నిర్వహణ నిమిత్తం మురుగు కాలువలయందు పూడికతీత కార్యక్రమము చేపట్టబడినది."

ఇలా రాయండి: "ఈ ఏడాది మెయిన్ రోడ్డు కాలువ నాలుగుసార్లు, మిగతా కాలువలు రెండుసార్లు శుభ్రం చేశాం. బీసీ కాలనీ వెనక కాలువ ఒక్కసారే తీశాం. అక్కడికి జేసీబీ వెళ్లే దారి లేదు."

అక్షరాలు పెద్దవిగా ఉండాలి, పేజీకి ఒకటి రెండు ఫొటోలు చాలు. ఆ ఫొటోలు పనులవి, రిబ్బన్ కత్తిరిస్తున్న నాయకులవి కాదు. ఇది అభినందన సంచిక అయిపోయిందంటే జనం చదవకుండానే పక్కన పెడతారు. ముందుమాట, శుభాకాంక్షలు, నాయకుల బొమ్మలు అన్నీ తీసేయండి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, ఎవరి జబ్బుల వివరాలూ ఎక్కడా రాకూడదు.

అచ్చుకు ముందు పంచాయతీతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురి చేత చదివించండి. ఇంటర్ చదివే అమ్మాయి, కిరాణా కొట్టు ఆయన, సంఘం లీడర్. చదివాక "దీన్నిబట్టి మీకు ఏం తెలిసింది?" అని అడగండి. వాళ్లు చెప్పేదానికి, మీరు చెప్పదలచుకున్నదానికి పొంతన లేకపోతే ఆ భాగం తిరగరాయాలి.

ఎనిమిదో మెట్టు: ఊరికి చేర్చడం

పంచాయతీ నోటీసు బోర్డుకు అంటిస్తే చేరినట్టు కాదు. ఇంటికో కాపీ వేయలేకపోతే రేషన్ షాపు, పాల కేంద్రం, బడి, గుడి, మసీదు, చర్చి, బస్టాపు, టీ కొట్టు దగ్గర రెండేసి కాపీలు తాడుకు కట్టి వేలాడదీయండి. డబ్బు పేజీని, వార్డుల పట్టికను నాలుగు చోట్ల గోడ మీద రాయించండి. అందులో ఒకటి తప్పకుండా ఊరి మధ్యకు దూరంగా ఉన్న కాలనీలో ఉండాలి. గోడ రాత ఏడాదంతా ఉంటుంది, ఎవరి ఫోన్‌లోనూ డిలీట్ కాదు.

వాట్సాప్ గ్రూపులకు నాలుగు పేజీల పీడీఎఫ్ పంపితే తెరిచేవాళ్లు తక్కువ. ఒక్క పేజీని బొమ్మగా, దాంతో పాటు మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపండి. చదవలేని వాళ్లకు ఆ గొంతే నివేదిక. తండాల్లో లంబాడీలో, కోయ గూడేల్లో కోయలో, పాతబస్తీల్లో ఉర్దూలో, తమిళనాడు సరిహద్దు ఊళ్లలో తమిళంలో చెప్పించండి. ఆ భాష వచ్చిన ఆశ కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో ఊళ్లో ఉంటారు. డప్పు చాటింపు, మైకు ప్రకటన ఇప్పటికీ పనిచేస్తాయి.

ఇదంతా సర్పంచ్ దయతో చేసేది కాదు. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం బడ్జెట్, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రజల ముందు పెట్టడం ప్రతి ప్రభుత్వ కార్యాలయం బాధ్యత.

తొమ్మిదో మెట్టు: గ్రామసభలో ఒక గంట

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలంటోంది. సభలు పెట్టడానికి చట్టం ఉంది, పెట్టగలిగే శక్తీ ఉంది. లోటు సభలో ఏం జరుగుతుందన్న దగ్గర. తీర్మానాలు చదివి, సంతకాలు తీసుకుని, ఇరవై నిమిషాల్లో ముగించే సభలో నివేదికకు చోటుండదు.

ఇక్కడ మన సొంత అనుభవం ఒకటి పనికొస్తుంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబర్ నుంచి జన్ సున్‌వాయీలు, అంటే బహిరంగ విచారణలు జరిపింది. పంచాయతీ మస్టర్లను (కూలీల హాజరు పట్టీలను), బిల్లులను ఊరి ముందు చదివించి, అది నిజమో కాదో ఆ పని చేసిన కూలీలనే అడిగేది. ఆ పద్ధతిని ఉపాధి హామీ పనుల కోసం 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చేపట్టి, 2009లో సామాజిక తనిఖీకి ప్రత్యేక సొసైటీ పెట్టింది. ఆ తనిఖీల్లో అసలు బలం సభ రోజున కాదు, దానికి ముందు ఇంటింటికీ తిరిగి రికార్డును సరిచూసుకున్న రోజుల్లో ఉండేది. మీరూ అదే చేయండి. సభకు వారం ముందు, పంచాయతీ సభ్యులు కాని ఐదుగురిని పిలవండి. కనీసం ముగ్గురు మహిళలు, ఒకరు ఎస్సీ లేదా ఎస్టీ కాలనీ వాళ్లు ఉండాలి. నివేదికలోంచి వాళ్లకు నచ్చిన పది వాక్యాలు వాళ్లే ఎంచుకుని ఊళ్లోకి వెళ్లి చూసి రావాలి. నాలుగుసార్లు తీశామన్న కాలువ పక్క ఇళ్లను అడగాలి, బకెట్ కొలత మళ్లీ తీయాలి. సభలో వాళ్లే లేచి ఏవి సరిపోయాయో, ఏవి సరిపోలేదో చెప్పాలి.

సభ సమయం కూలికి వెళ్లి వచ్చాక సాయంత్రం పెట్టండి. నాట్ల, కోతల రోజులు వద్దు. నివేదిక చదవడానికి ఇరవై నిమిషాలు, తనిఖీ బృందానికి పది, మిగతా అంతా ప్రశ్నలకు. మొదటి ఐదు ప్రశ్నలు ఆడవాళ్లవి అని ముందే ప్రకటించండి. లేకపోతే మైకు ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల చేతుల్లోనే ఉండిపోతుంది. ప్రతి ప్రశ్ననూ, అడిగిన వార్డునూ, ఇచ్చిన జవాబునూ రాసి, అక్కడికక్కడ జవాబు లేనివాటికి 30 రోజుల గడువు పెట్టండి. ఆ జవాబులు కూడా అదే గోడల మీదికి రావాలి.

ఏజెన్సీ ప్రాంతాల్లో దీనికి ఇంకా బరువుంది. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం ప్రకారం నిధులు సరిగా ఖర్చయ్యాయని పంచాయతీ గ్రామసభ నుంచే ధ్రువీకరణ తీసుకోవాలి. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వైపు పంచాయతీల్లో ఈ నివేదికను ఆ ధ్రువీకరణకు ఆధారంగా వాడుకోవచ్చు. గూడెం ముందు చదివి, ఒప్పుకున్నాకే సంతకం.

పదో మెట్టు: రెండో ఏడాది

రెండో నివేదికలో అవే ప్రశ్నలు, అవే కొలతలు ఉండాలి. పక్కన పోయిన ఏడాది అంకె పెట్టాలి. బాగా రాని అంశాన్ని తీసేసి కొత్తది చేర్చాలనిపిస్తుంది, ఆ పని చేస్తే పోలికే పోతుంది. కొత్తవి చేర్చండి, పాతవి తీయకండి.

సర్పంచులు మారతారు, కార్యదర్శులు బదిలీ అవుతారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. అలాంటి విరామంలో నివేదిక ఆగిపోకూడదంటే దాని నమూనా, కొలతల నోట్‌బుక్‌లు, గోడల జాబితా ఎవరో ఒకరి ఇంట్లో కాక ఆఫీసు రికార్డులో ఉండాలి. ప్రతి ఏడాదీ నివేదిక ఇస్తామని గ్రామసభ తీర్మానం చేసి పుస్తకంలో రాయించండి. కాపీలు గ్రంథాలయంలో, బడిలో పెట్టండి.

పంచాయతీ ముందుకు రాకపోతే

వార్డు సభ్యులు ఇద్దరు ముగ్గురు కలిసి పంచాయతీ సమావేశం అజెండాలో ఈ అంశం పెట్టమని రాతపూర్వకంగా అడగవచ్చు. అది కుదరకపోతే ఊరివాళ్లే డబ్బు పేజీ ఒక్కటి తయారు చేయడంతో మొదలుపెట్టండి. ఈ-గ్రామస్వరాజ్‌లో ఉన్న చెల్లింపులు దించుకోండి. మిగిలిన వాటికి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. దరఖాస్తులో ఇవి అడగండి: ఏప్రిల్ నుంచి మార్చి దాకా క్యాష్ బుక్ నకలు, ఇంటి పన్ను డిమాండ్-వసూలు-బకాయి పట్టిక, పూర్తయిన పనుల ఎం-బుక్ నకళ్లు, చెల్లించాల్సిన బిల్లుల జాబితా, చివరి ఆడిట్ నివేదిక. నకళ్లకు పేజీ లెక్కన చార్జీ ఉంటుంది కాబట్టి ముందు రికార్డులు చూడటానికి అనుమతి అడిగి, అవసరమైన పేజీలకే డబ్బు కట్టండి. జవాబుకు 30 రోజుల గడువుంది. అది దాటితే మొదటి అప్పీలు వేయాలి.

వచ్చిన కాగితాలతో ఒక్క పేజీ తయారయ్యాక దాన్ని ముందు సర్పంచ్‌కు, కార్యదర్శికి చూపించి, తప్పులుంటే చెప్పమని వారం గడువివ్వండి. వాళ్ల సవరణలు కూడా చేర్చి, తర్వాతి గ్రామసభలో చదవండి.